నలభై వాట్లు

పదిహేడో తీగ దగ్గర ఎల్లాజీ ఆగాడు. దాని మెడకు చుట్టిన కాగితం చీటీని గోటితో పైకి తిప్పి, కళ్లు చికిలించి చదివాడు. తొమ్మిదో పడక దగ్గరి కెమెరా. మోకాలి మీదున్న నోటు పుస్తకంలో పన్నెండు వాట్లు అని వేసుకుని పద్దెనిమిదో తీగ పట్టుకున్నాడు. అది నర్సుల బల్ల మీది ఫోను. ఏడు. పంతొమ్మిదోది వరండా పైకప్పుకు బిగించిన వైర్‌లెస్ డబ్బా. పదమూడు. నిన్నా మొన్నా కూడా ఈ లెక్కే వేశాడు. వచ్చిన జవాబు నచ్చక మళ్లీ వేస్తున్నాడు.

లిఫ్టు పక్కనున్న ఆ కేబుల్ గది, మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. కిటికీ లేదు. నడుమ ఇనుప చట్రం, చట్రంలో ఒక నల్లటి పెట్టె, పెట్టె ముఖాన నలభై ఎనిమిది రంధ్రాలు. వాటిలోంచి నీలం తీగలు బయలుదేరి గోడలోకి వెళ్లిపోతాయి. అది మారేడుపల్లి వైపున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి కొత్త భవనం. మూడో అంతస్తంతా గుండె జబ్బుల వార్డు. తూర్పు చివర మాత్రం డైరెక్టరు గది, మీటింగు హాలు. 2006 ఆగస్టు నెల. ఊళ్లో ఎటు చూసినా అద్దాల మేడలు లేస్తున్నాయి. ప్రతి మేడలోనూ ఇలాంటి గది ఒకటుంటుంది. ఆ గదిలో ఎల్లాజీ లాంటి మనిషి ఎవరో నేల మీద గొంతుక్కూచుని తీగలు లెక్కపెడుతూ ఉంటాడు.

ఎల్లాజీకి యాభై ఆరేళ్లు. బక్కపలచని మనిషి. మ్యాన్‌హోళ్లలో దిగి వంగి వంగి వీపు పైభాగం ఒంగిపోయింది. కరిగిన సీసం పడి కాలిన మచ్చలు కుడిచేతి వేళ్ల మీద తెల్లగా మిగిలాయి. నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఒక గుత్తేదారు వెంట, ఫోను కేబుళ్ల కోసం రోడ్లు తవ్వడానికి సికిందరాబాదు వచ్చాడు. తవ్వుతూ తవ్వుతూ తీగలు అతకడం నేర్చుకున్నాడు. తర్వాత వీధికొక ఎస్టీడీ బూతు వచ్చింది. బూతులకు తీగలు లాగాడు. చేతి ఫోన్లొచ్చి బూతులు మూతపడ్డాయి. కంప్యూటర్లకు తీగలు లాగడం మొదలుపెట్టాడు. పదేళ్లకోసారి చేతిలోని పని పాతబడేది. పదేళ్లకోసారి మళ్లీ అక్షరాభ్యాసం. ఇన్నేళ్లలో ఏ ఉద్యోగమూ పర్మనెంటు కాలేదు. ఆరేళ్లుగా సత్యదేవ్ అనే కాంట్రాక్టరు దగ్గర చేస్తున్నాడు.

"ఏందన్నా, మళ్ల లెక్క షురూ జేసినవా?"

తలుపు దగ్గర జంగయ్య నిలబడి ఉన్నాడు. ఆసుపత్రి ఎలక్ట్రీషియను. భారీ మనిషి, నవ్వితే పొట్ట కూడా కదులుతుంది.

"నాలుగొందల పదే వొస్తంది జంగయ్యా. ఎన్నిసార్లు ఏసినా అంతే."

"అయితే ఏమాయె? రెండు కరెంటు సప్లైలున్నయి గద పెట్టెకు."

"రెండూ బతికుంటే భయం నేదు. ఒకటి పోయిందనుకో, మిగిలింది మూడొందల డెబ్బై వాట్లే ఇస్తాది. నలభై సాలవు."

"నలభై అంటే ఓ బల్బు. గంతే."

"బల్బే. ఎవుల కాడ ఆరిపోతాదో అదే కదా."

జంగయ్యకు ఇది సగమే అర్థమైంది. పాత ఫోను సంగతి అతనికి తెలుసు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల కరెంటు ఫోను తీగ వెంటే వచ్చేది, ఊరంతా చీకటైనా ఫోను పలికేది. ఈ కొత్త ఫోన్లు అలా కాదు. మాటా కరెంటూ రెండూ ఈ నల్లపెట్టె నుంచే సన్నటి నీలం తీగలోకి వెళ్లాలి. పెట్టెకు తిండి లేకపోతే అంతస్తులోని ముప్పై ఫోన్లూ ప్లాస్టిక్ ముక్కలే. అందుకే పెట్టెకు రెండు సప్లైలు పెట్టారు, ఒకటి చచ్చినా రెండోది మోస్తుందని. కాగితం మీద అంతా బాగానే ఉంది. కాని ఆ రెండింటి ప్లగ్గులూ పక్కపక్కనే ఒకే బోర్డులో ఉన్నాయి. ఆ బోర్డుకు కరెంటు నేలమాళిగలోని ఒకే యూపీఎస్ నుంచి వస్తుంది. అది ఆగితే రెండు సప్లైలూ ఒకేసారి ఆగుతాయి. పైగా ఈ నలభై వాట్ల లోటు ఒకటి.

ఎల్లాజీ పొద్దున్నే సత్యదేవ్‌కు ఫోను చేసి చెప్పాడు. సత్యదేవ్‌కు ముప్పై అయిదేళ్లు, కాకినాడ వైపు కుటుంబం, మాట మెత్తగానే ఉంటుంది.

"ఎల్లాజీ, ఇంకా పెద్ద సప్లై అంటే ఆరు వారాలు పడుతుంది. వార్డు ఎలాగూ నడుస్తోంది గానీ రేపే అఫీషియల్ ఓపెనింగ్. ఇవాళ మూడింటికి రామభద్రరావు గారి ముందు టెస్ట్ చేసి సంతకం తీసుకోవాలి. రెండు సప్లైలు ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి బాబూ."

"అంతే కదా. ఇంక నువ్వు బుర్ర పాడుచేసుకోకు."

సప్లై మార్చడం తన చేతిలో లేదు. ప్లగ్గు మార్చడం చేతిలో ఉంది. పాత భవనంలో ఆపరేషన్ థియేటరుకు వేరే యూపీఎస్ ఉంది, దాని లైనులో ఒక సాకెట్ ఖాళీగా ఉందని జంగయ్యే నిన్న మాటల్లో చెప్పాడు. అక్కడి నుంచి ఒక కేబులు తెస్తే రెండో సప్లై వేరే దారిన బతుకుతుంది.

"పెద్దసారు అడిగితే నా నౌకరీకి తక్లీఫ్ అయితదన్నా," అన్నాడు జంగయ్య తల గోక్కుంటూ.

"నానే లాగినానని సెప్పు. నువ్వు సూడనేదని సెప్పు."

జంగయ్య వెళ్లి కేబుల్ చుట్ట భుజాన వేసుకొచ్చాడు.

రెండు భవనాల మధ్య గొట్టాలు వెళ్లే నిలువు గూడు ఒకటుంది. జంగయ్య అందులో పట్టడు. ఎల్లాజీ దిగాడు. తుప్పు పట్టిన ఇనుప మెట్లు, ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు, ముఖానికి అంటుకునే సాలెగూళ్లు. కేబులు కొసను నడుముకు కట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి, పాత భవనం వైపు పాకి, మళ్లీ ఎక్కాడు. ఇరవై ఏళ్ల కిందటైతే ఇది పావుగంట పని. ఇవాళ గంటన్నర పట్టింది. పైకొచ్చేసరికి ఎడమ దవడ లాగుతోంది. పన్ను నొప్పి కాబోలు అనుకున్నాడు.

గోడకు ఆనుకుని కూర్చున్న మనిషిని వార్డు సిస్టరు జ్ఞానమణి చూసింది. నలభై దాటిన మనిషి, మెడలో సన్నటి గొలుసుకు సిలువ. పదిరోజులుగా ఎల్లాజీ తన బల్ల చుట్టూ తీగలు సర్దుతుంటే చూస్తూనే ఉంది.

"ఏమన్నా, అట్లా చెమటలు పట్టినయేంది? లే, ఒక ఈసీజీ తీస్తా. రెండు నిమిషాలు."

"ఒద్దు సిస్టరమ్మా. గూట్లో గాలాడనేదు, అంతే."

"ఇంత పెద్ద హార్ట్ వార్డులో ఉండి నాకు అబద్ధం చెప్తున్నావా?"

"మూడింటికి టెస్టుందమ్మా. రేపు సూపించుకుంటాను. నిజం."

ఆమె గ్లూకోజ్ కలిపిన నీళ్లు తెచ్చి ఎదురుగా నిలబడి తాగించింది. ఇంకేదో అనబోయింది గాని పన్నెండో పడక దగ్గర గంట మోగింది. పరుగెత్తింది.

ఎల్లాజీ ఆ పరుగునే చూస్తూ కూర్చున్నాడు. రబ్బరు చెప్పుల చప్పుడు వార్డు చివరిదాకా వెళ్లి ఆగిపోయింది.

అతనికి బొల్లారం గుర్తొచ్చింది. గుర్తు రాని వానాకాలం లేదు. అప్పటికి కేబులు అతకడం నేర్చి ఎనిమిదేళ్లయింది, చెయ్యి తిరిగిందన్న గర్వం ఉంది. కంటోన్మెంటు దాటాక ఒక కాలనీలో గుంటలో కూర్చుని నలభై జతల తీగలు అతికాడు. సాయంత్రమైంది, మబ్బు పట్టింది. పైన సీసం తొడుగు పూర్తిగా చల్లారకముందే మట్టి కప్పేసి బస్సెక్కాడు. ఆ రాత్రి వాన కురిసింది. జాయింటులోకి నీరు దిగి కాలనీ ఫోన్లన్నీ మూగబోయాయి. మర్నాడు బాగుచెయ్యడానికి వెళ్తే గుంట పక్కన ఒక ముసలాయన చెప్పాడు. మూడో ఇంట్లో మనిషి తెల్లారగట్ల గుండె పట్టుకుని కూలబడ్డాడట. అతని భార్య ఫోనెత్తి ఎత్తి చూసి, ఆఖరికి వానలో రోడ్డు మీదకు పరుగెత్తిందట. ఆటో దొరికేసరికి అయిపోయిందట.

ఎవరూ ఎల్లాజీని ఏమీ అనలేదు. వానకు కేబులు పోయిందని రాసుకుని మరిచిపోయారు. ఆ మూడో ఇంటి గేటు ముందు చెప్పులు బారులు తీరి ఉండడం చూశాడు అతను. ఈ సంగతి భార్య మరిడమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె అంతా విని, "ఆన నువ్వు కురిపించినావా ఏటి?" అంది. ఆ మాట విన్నా అతనికి నిద్ర పట్టలేదు.

లేచి కేబుల్ గదిలోకి వెళ్లాడు. తెచ్చిన కేబులుకు ప్లగ్గు బిగించి, రెండో సప్లైని పాత బోర్డు నుంచి పీకి దీనికి తగిలించాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఒక పని అయింది. ఇక నలభై వాట్లు.

ఆ పెట్టెకు ఒక గుణం ఉంది. కరెంటు చాలనప్పుడు అది చివరి నంబరు నుంచి మొదలుపెట్టి, లోటు తీరేదాకా ఒక్కొక్క తీగనే ఆర్పుకుంటూ వస్తుంది. మొదటి నంబర్లు చివరిదాకా బతుకుతాయి. బేగంపేటలో కాల్ సెంటరులో పనిచేసే కూతురు దేవి, పెట్టెతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఆ పేజీ చదివి చెప్పింది. పగలంతా ఫోన్లో మాట్లాడి జీతం తెచ్చుకునే పిల్ల ఫోను లోపలి సంగతి తెలుసుకోవడం అదే మొదలు. "అయితే ఎవరికి ఏ నంబరు ఇవ్వాలో ఎవరు చెబుతారు నాన్నా?" అని అడిగింది. సత్యదేవ్ ఆఫీసు ఇచ్చిన కాగితంలో ఒకటో నంబరు డైరెక్టరు గది పెద్ద తెర ఫోనుది, రెండూ మూడూ మీటింగు హాలు వైర్‌లెస్ డబ్బాలవి, నాలుగోది డైరెక్టరు తలుపు ముందు కెమెరాది. నలభై ఆరు తీగల్లో చివరి నాలుగూ వార్డు పడమటి కొస గదులవి. అక్కడ ఆపరేషను చేయించుకుని పడుకున్న వాళ్లుంటారు. వాళ్ల సిస్టరు ఫోను నలభై ఆరు.

ఎల్లాజీ ఒకటో తీగ మీద వేలు పెట్టి చాలాసేపు ఉండిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఇచ్చిన కాగితానికి అడ్డం పోయి ఎరగడు. తర్వాత కొక్కెం నొక్కి ఒకటి బయటికి లాగాడు. నలభై ఆరు లాగాడు. వాటి చోట్లు మార్చాడు. రెండూ మూడూ నాలుగూ అలాగే, పడమటి కొస మిగతా మూడింటితో. చీటీలన్నీ తిరగరాసి కట్టాడు. ముళ్లు పళ్లతో బిగించాడు.

మూడింటికి వచ్చారు. ముందు రామభద్రరావు, ఆసుపత్రి పరిపాలన చూసే పెద్దమనిషి, ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా. వెనక సత్యదేవ్. ఇరుకు గదిలోకి ముగ్గురు పట్టక ఎల్లాజీ మూలకు ఒదిగి నిలబడ్డాడు.

"ఇప్పుడు ఒక సప్లై తీసేస్తాను సార్," అన్నాడు సత్యదేవ్. "ఏమీ ఆగదు. చూడండి."

ప్లగ్గు పీకాడు. పెట్టెలో ఫ్యాన్ల చప్పుడు ఒక్కసారి పెరిగి సర్దుకుంది. జ్ఞానమణి బల్ల మీంచి ఫోనెత్తి, "పనిచేస్తాంది సార్," అంది. పడమటి కొస నుంచి కూడా పలికింది. సత్యదేవ్ నవ్వాడు. రామభద్రరావు జేబులోంచి పెన్ను తీశాడు.

అప్పుడు వరండా తూర్పు కొస నుంచి డైరెక్టరు సెక్రెటరీ కాంతమణి వచ్చింది. "సార్, మేడమ్ గారి ఫోన్ ఆగిపోయింది. కాల్ మధ్యలో ఉన్నారు. మీటింగ్ హాల్లో నెట్ కూడా పోయింది."

సత్యదేవ్ పెట్టె వైపు వంగి చూశాడు. చీటీలు చదివాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరు మార్చారివి?"

"నానే బాబూ."

"ఎందుకు?"

"ఒక సప్లై పోతే నలభై వాట్లు సాలవండి. నాలుగు ఆరిపోవాల. ఎవులో నలుగురివి. డైరెక్టరమ్మ గారి సేతిలో సెల్లుఫోనుంటాది. ఆ సివర సిస్టరు జేబులో ఉండదండి, వార్డులో ఉంచుకోనివ్వరు."

రామభద్రరావు పెన్ను మూత పెట్టేశాడు. "సత్యదేవ్ గారూ, రెండు సప్లైలుంటే ఏదీ ఆగదని కదా మీరు నాకు రాసిచ్చింది?" అన్నాడు. తర్వాత ఎల్లాజీ వైపు తిరగకుండానే, "ముందు మేడమ్ గారి లైను యథాప్రకారం పెట్టించండి," అన్నాడు.

"మార్చెయ్ ఎల్లాజీ," అన్నాడు సత్యదేవ్ గొంతు తగ్గించి. "ఇప్పుడే. కాగితంలో ఎట్లా ఉంటే అట్లా."

ఎల్లాజీ కదల్లేదు. నుదుటి మీంచి చెమట కారి కనుబొమ్మ దగ్గర ఆగింది. గోడ పట్టుకున్నాడు.

"నా సేత్తో నాను మార్చలేనండి. ఇంకెవులి సేతైనా మార్పించుకోండి."

అంత మాట తన నోట వచ్చినందుకు అతనికే వింతగా ఉంది. సత్యదేవ్ అతని వైపు తిరిగాడు. కోపం కన్నా అవమానం ఎక్కువగా ఉంది ఆ ముఖంలో.

"సరే. రేపు ఇంజనీరును పంపిస్తా. నువ్వు రేపట్నించి రానక్కర్లేదు."

"సరే బాబూ," అన్నాడు ఎల్లాజీ. నోటు పుస్తకం చట్రం మీద పెట్టి, తల వంచుకుని బయటికి వచ్చాడు. జ్ఞానమణి తన బల్ల దగ్గర లేదు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాడు. గేటు దగ్గర జంగయ్య వెనక నుంచి కేకేసి అందుకున్నాడు.

"ఏం పరేషాన్ గాకు అన్నా. రెండు దినాలు బోతే ఆయనే పిలుస్తడు. నీ లెక్క చేసెటోడు ఏడ దొరుకుతడు?"

"ఆ రెండో కేబులు మట్టుకు తియ్యనీకు జంగయ్యా. ఎవులడిగినా థియేటరు లైనని సెప్పు."

"నేనుండంగ ఎవడు ముట్టడు. నువ్వు పో, జెర పండుకో."

రేతిఫైల్ బస్టాండులో మౌలాలి బస్సు ఖాళీగానే ఉంది. ఎండ ఇంకా తగ్గలేదు. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుని టికెట్టు తీసుకున్నాడు. మెట్టుగూడ దగ్గర కళ్లు మూసుకున్నాడు. లాలాపేటలో బడిపిల్లలు ఎక్కి గోలగోలగా నిలబడ్డారు. ఒకడి సంచీ అతని భుజానికి తగులుతూనే ఉంది. అతను జరగలేదు.

ఆఖరి స్టాపులో అందరూ దిగాక కండక్టరు వెనక్కి చూశాడు. ఖాకీ చొక్కా మనిషి, తల కిటికీ చట్రానికి ఆనించి ఉంది. డిపోలో డ్యూటీ దిగిన వాడెవడో అనుకున్నాడు. తనలాంటి వాడే కదా, ఇంకో అయిదు నిమిషాలు పడుకోనిద్దామని కిందికి దిగి టీ తాగాడు. తిరిగొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఓ భయ్యా, మౌలాలి ఒచ్చింది. లే."

మర్నాడు జంగయ్యా, జ్ఞానమణీ కలిసి ఎల్లాజీ ఇంటికి వెళ్లారు. రైల్వే క్వార్టర్ల వెనక రేకుల కప్పు ఇల్లు. దేవి గోడకు ఆనుకుని, మోగుతున్న ఫోను చేతిలో పట్టుకుని, ఎత్తకుండా కూర్చుని ఉంది. మరిడమ్మ ఏడవడం అప్పటికి ఆపేసింది. జ్ఞానమణి ఆమె పక్కన చాప మీద కూర్చుంది.

"నేను పట్టుబట్టి కూచోబెట్టాల్సింది అమ్మా. రెండు నిమిషాల పని. చెయ్యి పట్టుకుని లాక్కుపోవాల్సింది," అంది.

"నువ్వేటి సేస్తావమ్మా. ఆయనెవుల మాటిన్నాడు కనక," అంది మరిడమ్మ. తర్వాత, "నీలం గీతల సొక్కా ఏసుకెల్లినాడు. మొన్ననే కుట్టించినాది. ఒంటి మీద అది నేదు. బస్సులో ఎవులన్నా తీసీనారేటి?" అని అడిగింది. జంగయ్యకూ తెలియదు. తల అడ్డంగా ఊపాడు.

సత్యదేవ్ కూడా ఆ సాయంత్రం కారులో వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. "మంచి పనివాడు," అన్నాడు, రెండుసార్లు. మూడోసారి అనబోయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

అప్పటికే ఇంజనీరు వచ్చి తీగలు కాగితంలో ఉన్నట్టు పెట్టి వెళ్లాడు. డైరెక్టరు గది ఒకటో నంబరు, పడమటి కొస నలభై ఆరు. వెనకున్న కొత్త కేబులు చూసి ఇదేమిటని అడిగితే, జంగయ్య "థియేటర్ లైన్ సార్, ముట్టొద్దు" అన్నాడు. ఇంజనీరు ముట్టలేదు.

అక్టోబరులో వాన పడి నేలమాళిగలోకి నీళ్లు వచ్చాయి. యూపీఎస్ ఆగిపోయింది. కింది రెండు అంతస్తుల్లో సాయంత్రం దాకా ఒక్క ఫోనూ పలకలేదు. మూడో అంతస్తులో పలికాయి, ఎందుకో ఎవరూ అడగలేదు. పడమటి కొస ఫోనొక్కటి పలకలేదు. ఆ రోజు అక్కడి సిస్టరు రెండుసార్లు వరండా పొడుగునా పరుగెత్తుకొచ్చి డాక్టరును పిలుచుకుపోయింది. ఇద్దరు రోగులూ బతికారు. అందువల్ల దాని గురించి ఎక్కడా రాయలేదు.

కేబుల్ గది తలుపు తర్వాత పెద్దగా ఎవరూ తెరవలేదు. ఆ రోజు గూట్లోకి దిగేముందు, దుమ్ము పడుతుందని ఎల్లాజీ మంచి చొక్కా విప్పి తలుపు వెనక మేకుకు తగిలించి, సంచీలోని పాత ఖాకీది తొడుక్కున్నాడు. ఆ మంచి చొక్కా ఇంకా అక్కడే ఉంది. నల్లపెట్టె ఫ్యాన్లు రాత్రీ పగలూ వేడి గాలి వదులుతుంటే, నీలం గీతల చొక్కా ఎడమ చెయ్యి కొద్దిగా పైకి లేచి, మళ్లీ గోడకు ఆనుతూ ఉంటుంది.